గర్భవతి అయిన సేల్స్ అమ్మాయిని మానిపించమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది చెన్నై పురసవాక్కంలో చీరల షాపు. మా మామగారు నెల్లూరు నుంచి వచ్చి పెట్టారు, ఇప్పుడు నేనూ మా వారూ చూసుకుంటున్నాం. సేల్స్, బిల్లింగ్ కలిపి ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళలో ఇద్దరిని నిరుడు దీపావళికి ముందు తీసుకున్నాం. వీళ్ళు కాక మేడ మీద గదిలో ఫాల్స్, పీకో కుట్టే ఒకాయన, పొద్దున్నే ఊడ్చి తుడిచే ఆవిడ, రాత్రి కాపలాకు ఏజెన్సీ మనిషి ఉన్నారు. గుమ్మిడిపూండి నుంచి లోకల్ ట్రైన్‌లో వచ్చే ఒక అమ్మాయి మా దగ్గర రెండున్నరేళ్ళుగా పనిచేస్తోంది. జీతం 14,000. పట్టుచీరల కౌంటర్ ఆమెదే. తెలుగువాళ్ళతో తెలుగు, తమిళులతో తమిళం చక్కగా మాట్లాడుతుంది, కస్టమర్లు ఆమెను పేరు పెట్టి అడుగుతారు. ఇప్పుడామెకు ఐదు నెలలు నిండాయి, మొదటి కాన్పు. నవంబరు మొదటి వారంలో డేట్ ఇచ్చారట. సరిగ్గా దీపావళి సమయం. మా వారు, "మనం ఎనిమిది మందిమే, మనకు ఏ చట్టమూ వర్తించదు. అపాయింట్‌మెంట్ లెటర్ కూడా ఇవ్వలేదు. పది వేలు చేతిలో పెట్టి, తనే మానేస్తున్నట్టు రాయించుకుందాం. ఈమెకు ఇస్తే రేపు అందరూ అడుగుతారు" అంటున్నారు. ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇచ్చే స్తోమత మాకు లేదన్నది నిజం. కానీ నాకు మనసొప్పడం లేదు. ఇంకో మాట. స్టాక్ చూసినప్పుడు చీర తగ్గితే ఆ నష్టాన్ని అందరి జీతాల్లోంచి సమానంగా కోస్తున్నాం. అది కూడా తప్పేనా?
– పేరు వద్దన్న పాఠకురాలు, పురసవాక్కం, చెన్నై

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ రాజీనామా కాగితం రాయించుకోవద్దు. ఆ అమ్మాయికి జీతంతో 26 వారాల సెలవు రావాలి, ఇవ్వాల్సిందే. ఇందులో బేరం లేదు. అయితే ఆ డబ్బంతా మీ గల్లా పెట్టెలోంచే పోవాలని లేదు. దానికొక దారి ఉంది, ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా పథకం. మీ షాపు ఇన్నాళ్ళూ అందులోకి రాలేదు. ఎక్కువగా దాని గురించే చెప్పాలనుకుంటున్నాను. దానికంటే ముందు మీ వారు అన్న మాటలు ఒక్కొక్కటీ చూద్దాం. చిన్న షాపులు నడిపేవాళ్ళు చాలామంది ఇవే మాటలు నమ్ముకుని చివరికి చిక్కుల్లో పడుతున్నారు.

"మనం ఎనిమిది మందిమే" అన్నది మొదటిది. లెక్క మళ్ళీ వేయండి. మీ ఉత్తరం ప్రకారమే కౌంటర్లలో ఎనిమిది మంది, పీకో కుట్టే ఆయన, ఊడ్చే ఆవిడ, వాచ్‌మన్, మొత్తం పదకొండు మంది. "పీకో ఆయన జీతగాడు కాదు, చీరకింత అని ఇస్తాం" అని మీ వారు అంటారని నాకు తెలుసు. ఈ వాదన కొత్తది కాదు. హైదరాబాద్‌లో సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అనే షాపువాళ్ళు సరిగ్గా ఇదే మాట సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళారు. దర్జీలు పీసు లెక్కన కుడతారు, ఒకరోజు వస్తారు, ఒకరోజు రారు, వేరేచోట కూడా కుట్టుకుంటారు, కాబట్టి వాళ్ళు మా ఉద్యోగులు కారు అన్నారు. 1973లో కోర్టు ఒప్పుకోలేదు. మిషన్లు షాపువి, పని జరిగేది షాపులో, కుట్టు బాగాలేకపోతే మళ్ళీ కుట్టమనే అధికారం యజమానిది, అలాంటప్పుడు వాళ్ళు ఉద్యోగులే అంది. మీ మేడ మీద మిషన్ ఎవరిది? మీదే అయితే ఆయన మీ మనిషే.

ఊడ్చే ఆవిడ రోజుకు గంటన్నరే రావచ్చు, అయినా లెక్కలోకి వస్తుంది. ఏజెన్సీ వాచ్‌మన్ సంగతికి వస్తే, అది కూడా హైదరాబాద్ కేసే. రాయల్ టాకీస్ అనే సినిమా హాల్లో క్యాంటీన్, సైకిల్ స్టాండ్ కాంట్రాక్టుకు ఇచ్చారు. అక్కడ పనిచేసేవాళ్ళను కాంట్రాక్టర్ పెట్టుకున్నాడు, మాకు సంబంధం లేదని హాలు యజమాని వాదించాడు. ఆ ఆవరణలో, ఆ వ్యాపారానికి ఆనుకుని జరిగే పని కాబట్టి ఈఎస్ఐ విషయంలో వాళ్ళు కూడా హాలు ఉద్యోగుల కిందికే వస్తారని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. పోనీ, వాచ్‌మన్‌ను పక్కన పెట్టేయండి. అప్పటికీ మీరు పది మంది. మీరూ మీ వారూ యజమానులు కాబట్టి ఈ లెక్కలోకి రారు. నెలకోసారి వచ్చి లెక్కలు చూసే ఆడిటరూ రాడు. ఆయన తన వ్యాపారం తాను చేసుకునే మనిషి.

పది అనే అంకె మీకు చాలా ముఖ్యం. షాపులకు ప్రసూతి సెలవు, ఈఎస్ఐ, గ్రాట్యుటీ (ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు మానేసేటప్పుడు ఇచ్చే డబ్బు) మూడూ ఆ అంకె దగ్గరే మొదలవుతాయి. పీఎఫ్ మాత్రం 20 దగ్గర. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం, 1948 నాటి ఈఎస్ఐ చట్టం, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం, ఇవన్నీ ఇప్పుడు కొత్త లేబర్ కోడ్లలో కలిశాయి. నాలుగు కోడ్లూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పేర్లు మారాయి కానీ మీకు సంబంధించినంతవరకు పది పదిగానే ఉంది. ప్రసూతి సెలవు విషయంలో గడిచిన 12 నెలల్లో ఏదో ఒకరోజు పది మంది ఉన్నా చాలు. ఒకసారి చట్టం కిందికి వచ్చాక ఇద్దరిని తగ్గించేసి బయటపడదామన్నా కుదరదు. మనుషులు తగ్గినా షాపు దాని కిందే ఉంటుంది.

రెండో మాట, అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు కాబట్టి సాక్ష్యం లేదన్నది. నెలనెలా ఆమె ఖాతాకు మీరు గూగుల్ పేలో పంపిన జీతం ఉంది. షాపు వాట్సాప్ గ్రూపులో రెండున్నరేళ్ళ మెసేజ్‌లు ఉన్నాయి. మీ సీసీ కెమెరాలోనే ఆమె రోజూ కనిపిస్తుంది. బిల్లుల మీద సేల్స్‌మన్ కోడ్ వేస్తుంటే అదీ ఉంటుంది. లెటర్ ఇవ్వకపోవడం వల్ల ఆమె ఉద్యోగి కాకుండా పోదు. అది మీ వైపు లోపంగా మాత్రం కనిపిస్తుంది, ఎందుకంటే కొత్త కోడ్ల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. ఆమెకు ఎప్పుడు ఎంత జీతం ఒప్పుకున్నారు, ఏ తేదీన చేరింది అనే గొడవ వస్తే, కాగితం లేనిచోట ఆమె చెప్పిందే నిలబడే అవకాశం ఎక్కువ.

ఇక పది వేలిచ్చి రాయించుకునే మాట. ఇక్కడ చట్టం చాలా స్పష్టంగా ఉంది. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన స్త్రీకి ప్రసూతి సెలవు హక్కు వస్తుంది. గర్భంతో ఉండగా ఉద్యోగంలోంచి తీసేసినా ఆ డబ్బు ఆమెకు రావాల్సిందే. పైగా ఆరు నెలలు దాటి పనిచేసిన మనిషిని తగిన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదని తమిళనాడు షాపులు, సంస్థల చట్టం 1947లోనే చెప్పింది. "నేను తీసేయలేదు, తనే మానేసింది" అన్నా, ఐదు నెలల గర్భవతి పది వేలు తీసుకుని, దానికి ఎన్నో రెట్లు తనకు రావాల్సి ఉండగా, ఎందుకు మానేసిందన్నదే లేబర్ ఆఫీసర్ మొదట అడిగే ప్రశ్న. మస్టర్ రోల్ (హాజరు పట్టీ) మీద రోజుకూలీకి పనిచేసే ఆడవాళ్ళకు కూడా ఈ హక్కు ఉందని 2000 సంవత్సరంలోనే ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ అమ్మాయి అంతకంటే స్థిరమైన ఉద్యోగంలో ఉంది. ఇందులో జరిమానాయే కాదు, జైలుశిక్ష కూడా ఉందన్న సంగతి మీ వారికి చెప్పండి.

చట్టం మాట అటుంచి, మీకు మనసొప్పడం లేదని రాశారు చూడండి, దాన్ని నేను గౌరవిస్తాను. పెద్దగా చదువుకోని ఒక అమ్మాయి, మొదటి కాన్పు భయంతో ఉన్నప్పుడు, యజమాని ముందు కూర్చోబెట్టి కాగితం ఇస్తే ఆమె సంతకం పెట్టేస్తుంది. ఆ సంతకంలో ఆమె ఇష్టం ఉండదు. మీ మనసుకు తట్టింది ఇదేననుకుంటాను.

మీ వారి భయం కూడా నిజమైనదే. దాన్ని కొట్టిపారేయను. ఆమె నెల జీతం 14,000 కాబట్టి 26 వారాలకు ఎంతవుతుందో చూద్దాం. రోజు జీతాన్ని నెలకు 30 రోజుల చొప్పున కడితే 182 రోజులకు సుమారు 85,000. పని దినాలు 26 అని లెక్క కడితే 98,000. చట్టంలో ఉన్నది, సెలవుకు ముందు మూడు నెలల్లో ఆమె పనిచేసిన రోజుల మీద వచ్చిన సగటు. ఆదివారాలు తీసేసి 26 వారాలకు లెక్క కట్టడానికి వీల్లేదు. కోయంబత్తూరు లేబర్ కోర్టు నుంచి వెళ్ళిన బి. షా కేసులో 1977లో సుప్రీంకోర్టు వారమంటే ఏడు రోజులే అని చెప్పింది. దీనికి తోడు, కాన్పు ముందూ తర్వాతా వైద్యం యజమాని ఉచితంగా చూపించకపోతే 3,500 మెడికల్ బోనస్. మొత్తం మీద లక్ష దాకా వస్తుందనుకోండి. నెలకు లక్షన్నర జీతాలిచ్చే షాపుకు అది తేలిక కాదు.

అందుకే ఈఎస్ఐ పెట్టారు. ఈఎస్ఐ అనగానే మన వ్యాపారులకు ఇంకో కోత, ఇంకో ఇన్‌స్పెక్టర్ అనిపిస్తుంది. కానీ ఈఎస్ఐ కింద ఉన్న ఉద్యోగికి 26 వారాల ప్రసూతి జీతాన్ని పూర్తిగా ఈఎస్ఐ కార్పొరేషనే ఇస్తుంది, యజమాని ఇవ్వక్కర్లేదు. మీరు సెలవు ఇచ్చి ఆమె ఉద్యోగం నిలబెడితే చాలు. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్ళు దీని కిందికి వస్తారు. యజమాని వాటా జీతంలో 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఆ అమ్మాయి విషయంలో మీది నెలకు 455, ఆమెది 105. వాచ్‌మన్ కాక మీ పది మంది జీతాలు కలిపి లక్షన్నర అనుకుంటే మీ వాటా 4,875. ఏడాదికి 58,500. ఆ డబ్బుతో ఒక్క ప్రసూతి సెలవే కాదు, పది కుటుంబాలకూ వైద్యం వస్తుంది. ఎవరైనా జబ్బుపడి రాలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం కార్పొరేషన్ ఇస్తుంది. మీ షాపుకు అయనావరం ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గరే, పెద్ద జబ్బులకు కె.కె.నగర్‌లో ఈఎస్ఐ మెడికల్ కాలేజీ ఉంది. "ఈమెకు ఇస్తే రేపు అందరూ అడుగుతారు" అన్న మీ వారి మాటకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. అడగనివ్వండి, ఇచ్చేది కార్పొరేషన్.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ నెల నమోదు చేయిస్తే ఈ కాన్పుకు పనికొస్తుందా? ఇక్కడ తేదీలు జాగ్రత్తగా చూడాలి. ఈఎస్ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని చందా కట్టే రెండు కాలాలు ఉంటాయి. జూలై, డిసెంబరు మధ్య కాన్పు అయితే, దానికి ముందు మార్చితో ముగిసిన రెండు కాలాలను, అంటే నిరుడు ఏప్రిల్ నుంచి ఈ ఏడాది మార్చి వరకు చూస్తారు. ఆ ఏడాదిలో కనీసం 70 రోజులకు ఆమె పేరున చందా ఉండాలి. కాబట్టి ఈ నెల నుంచి మొదలుపెట్టి కడితే నవంబరు కాన్పుకు లెక్కలోకి రాదు.

కానీ నియమంలో ఉన్న మాట "చందా కట్టవలసిన రోజులు". మీరు నిరుడు దీపావళికి ముందు ఇద్దరిని తీసుకున్నారని రాశారు. వాచ్‌మన్‌ను వదిలేసినా ఆ రోజుతో మీరు ఎనిమిది నుంచి పదికి చేరారు. అంటే మీరు ఈఎస్ఐ కిందికి రావాల్సిన తేదీ అదే. అప్పటినుంచి మార్చి దాకా చూస్తే 70 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. నమోదులో పది మందికి చేరిన అసలు తేదీ రాసి, ఆ రోజు నుంచి అందరి బకాయి కట్టండి. అలా చేస్తే ఆ అమ్మాయి ఈ కాన్పుకే అర్హురాలయ్యే అవకాశం బలంగా ఉంది. బకాయిలో ఉద్యోగుల వాటా కూడా మీరే భరించాలి, పాత నెలల వాటాను ఇప్పటి జీతంలోంచి కోయకూడదు. మొత్తం 4 శాతం, నెలకు 6,000 చొప్పున తొమ్మిది నెలలకు 54,000. దాని మీద వడ్డీ, ఆలస్యానికి నష్టపరిహారం ఉంటాయి. అయినా ఆమెకు మీ చేతినుంచి ఇవ్వాల్సిన లక్ష కంటే ఇది తక్కువ కావచ్చు. పైగా ఈ బకాయి ఎలాగూ మీ నెత్తిమీద ఉన్నదే. ఎప్పుడో ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి లెక్క తీస్తే అప్పటికి ఇంకా పెరిగి ఉంటుంది.

ఇక్కడ మీ వారికి ఒక తప్పుడు ఆలోచన రావచ్చు. ఆమె ఒక్కదాని పేరున కట్టేసి, మిగతావాళ్ళను చూపించకుండా ఉందామని. దయచేసి అలా చేయకండి. ఒక్క ఉద్యోగితో నమోదు అంటేనే అబద్ధం రాసినట్టు. ఆ అబద్ధం బయటపడితే ఆమె ప్రయోజనమే ప్రమాదంలో పడుతుంది.

నమోదు ఈఎస్ఐసీ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు, ఫీజు లేదు. పాన్, షాపు రిజిస్ట్రేషన్, బ్యాంకు వివరాలు, ఉద్యోగుల ఆధార్, కుటుంబ సభ్యుల వివరాలు ఉంటే మీ ఆడిటర్ ఆఫీసు కుర్రాడే చేసిపెడతాడు. ప్రతి నెల చందా మరుసటి నెల 15లోగా కట్టాలి. వాచ్‌మన్ విషయంలో ఏజెన్సీవాళ్ళు తమ ఖాతాలో ఆయనకు చందా కడుతుంటే మీరు మళ్ళీ కట్టక్కర్లేదు. కానీ నెలనెలా చలాన్ కాపీ అడిగి ఫైల్లో పెట్టండి. వాళ్ళు ఎగ్గొడితే ఆ భారం మీ మీదికే వస్తుంది. బకాయి తేదీ గురించి నుంగంబాక్కం స్టెర్లింగ్ రోడ్డులోని ఈఎస్ఐ ప్రాంతీయ కార్యాలయానికి మీరే వెళ్ళి మాట్లాడండి, ఫోన్లో తేలే విషయం కాదు. ఒకవేళ ఆమెకు అర్హత లేదని కార్పొరేషన్ తేలిస్తే, ఆ 26 వారాల జీతం మీరే ఇవ్వాలి. ఆ సంగతి ముందే అనుకుని, ఇప్పటినుంచి నెలకు కొంత పక్కన పెట్టండి. మీరిచ్చేటప్పుడు కూడా నెలనెలా జీతంలా ఇస్తే సరిపోదు. కాన్పుకు ముందు రోజుల డబ్బు, గర్భవతి అన్న రుజువు చూపగానే ముందుగా ఇవ్వాలి. మిగతాది కాన్పు అయినట్టు కాగితం చూపిన 48 గంటల్లో ఇవ్వాలి.

ఆమె సెలవు ఎప్పటినుంచి అన్నది ఆమె ఇష్టం. కాన్పుకు ముందు 8 వారాలకు మించకుండా తీసుకోవచ్చు, అంటే మీ లెక్కలో సుమారు సెప్టెంబరు రెండో వారం నుంచి. ఇంకా ఆలస్యంగా వెళ్తానంటే ఆ వారాలన్నీ కాన్పు తర్వాత కలుస్తాయి. కాన్పు అయ్యాక ఆరు వారాలు మాత్రం, ఆమె తనంతట తాను వస్తానన్నా పనిలో పెట్టుకోకూడదు. దీపావళి రద్దీలో "రెండు రోజులు వచ్చి కౌంటర్ చూసుకో అమ్మా" అని ఫోన్ చేయాలనిపిస్తుంది. చేయకండి.

ఇప్పటినుంచి సెలవు దాకా ఉన్న రోజులు కూడా ముఖ్యమే. చీరల షాపులో రోజంతా నిలబడే ఉద్యోగం. ఆడి మాసం తగ్గింపు అమ్మకాల్లో ఆ నిలబడటం ఇంకా పెరుగుతుంది. కాన్పుకు ఆరు వారాల ముందు కాలానికి మునుపటి నెలలో, అంటే మీకు ఆగస్టు చివరి నుంచి, ఆమె అడిగితే శ్రమతో కూడిన పనీ, ఎక్కువసేపు నిలబడే పనీ చెప్పకూడదని ప్రసూతి చట్టంలోనే ఉంది. మన రాష్ట్రంలో ఇంకో నియమం కూడా ఉంది. షాపులో పనిచేసే ప్రతి ఒక్కరికీ, గర్భవతి అయినా కాకపోయినా, వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి సీటు ఉండాలని 2021లో తమిళనాడు తన షాపుల చట్టానికి 22-ఏ సెక్షన్ చేర్చింది. అంతకుముందు 2018లో కేరళ తెచ్చింది. కోళికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కావాలని గట్టిగా పోరాడితే వచ్చిన మార్పు అది. టీ నగర్ రంగనాథన్ వీధిలో అంతస్తుల మీద అంతస్తులున్న షాపుల్లో పొద్దున పది నుంచి రాత్రి దాకా నిలబడ్డ అమ్మాయిల కాళ్ళ వాపులు చూసినవాళ్ళెవరికైనా ఈ చట్టం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మీ షాపులో ప్రతి కౌంటర్ వెనుక ఒక స్టూలు వేయండి. కస్టమర్ ముందు సేల్స్ అమ్మాయి కూర్చోవడం మర్యాద కాదనే పాత అలవాటు మీ షాపులో ఉంటే, మానేయమని మీరే చెప్పండి, అది యజమాని నోటినుంచి వస్తేనే వాళ్ళు కూర్చుంటారు.

దీపావళికి మనిషి కావాలి కదా. ఆమె స్థానంలో ఆరేడు నెలలకు గడువు పెట్టి ఒకరిని తీసుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎవరి సెలవు వల్ల తీసుకుంటున్నారు, జీతం ఎంత అని లెటర్లో రాయండి. గడువు ముగిస్తే ఆ ఉద్యోగం ముగుస్తుంది, గొడవ ఉండదు. ఆ మనిషికీ ఈఎస్ఐ కట్టాలి. వీలైతే ఆగస్టులోనే తీసుకుని ఆ అమ్మాయి పక్కన పెట్టండి. కంచి పట్టుకూ ధర్మవరానికీ తేడా చెప్పి అమ్మడం పది రోజుల్లో వచ్చే పని కాదని మీకు నాకంటే బాగా తెలుసు. పండగకని ఇంకా ఎక్కువమందిని తీసుకునే అలవాటు ఉంటే, 20 అంకె దగ్గర పీఎఫ్ ఉందని గుర్తుంచుకుని ముందే ఆడిటర్‌ను అడగండి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ ఖర్చు చూశాక కొందరు యజమానులు ఇకమీదట పెళ్ళి కావాల్సిన అమ్మాయిలను, కొత్తగా పెళ్ళైనవాళ్ళను తీసుకోవడం మానేస్తారు. ఇంటర్వ్యూలోనే "పిల్లల ప్లాన్ ఉందా" అని అడుగుతారు. ఉద్యోగంలోకి తీసుకోవడంలో ఆడ, మగ తేడా చూపించకూడదని వేతనాల కోడ్‌లో ఉంది. పైగా చీరల వ్యాపారం ఆడవాళ్ళు ఆడవాళ్ళకు అమ్మే వ్యాపారం. వాళ్ళకు కాన్పు వస్తుందని భయపడి వాళ్ళనే దూరం చేసుకోవడం చాలా అన్యాయం, మీ షాపుకూ నష్టం.

ఇంత చేస్తున్నప్పుడే అందరికీ నియామక పత్రాలు ఇచ్చేయండి. చేరిన తేదీ నిజమైనదే రాయండి, ఇప్పటి తేదీ వేసి కొత్తగా చేరినట్టు చూపించవద్దు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వారానికో సెలవు, ఆపైన పని ఉంటే రెట్టింపు జీతం అని రాయండి. ఏడాది నిండినవాళ్ళకు జీతంతో 12 రోజుల సెలవు, అది కాక 12 రోజుల సిక్ లీవు, 12 రోజుల క్యాజువల్ లీవు తమిళనాడు షాపుల చట్టం ఇచ్చినవి. ప్రసూతి సెలవు హక్కు గురించి ఉద్యోగంలో చేరేటప్పుడే ఆడవాళ్ళకు రాతపూర్వకంగా చెప్పాలి, కాబట్టి ఆ వాక్యం కూడా అందులో ఉండాలి. తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి ఇస్తే వాళ్ళు చదువుకుని సంతకం పెడతారు. మీ దగ్గర ఐదేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే గ్రాట్యుటీ లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. ఉదాహరణకు 18,000 జీతంతో తొమ్మిదేళ్ళు పనిచేసిన సీనియర్ రేపు మానేస్తే, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా తీసుకుని, 93,000 పైచిలుకు ఇవ్వాలి. ఒక్కసారిగా మీద పడకుండా ఏటా కొంత వేరే ఖాతాలో వేస్తూ రండి.

ఆ అమ్మాయితో రేపే మాట్లాడండి. మీ వారు కాదు, మీరు మాట్లాడండి. ఉద్యోగం ఎక్కడికీ పోదు, కాన్పు తర్వాత పట్టుచీరల కౌంటర్ నీదే అని చెప్పండి. ఇప్పటికే షాపులో గుసగుసలు ఆమె చెవిన పడి ఉంటాయి. సెలవు ఎప్పటినుంచి కావాలో రాసిమ్మని అడగండి, డాక్టర్ కాగితం కాపీ తీసుకోండి. తిరిగి వచ్చాక బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విరామం ఇవ్వాలని చట్టం చెబుతుంది. గుమ్మిడిపూండి నుంచి రోజూ బిడ్డను ఎత్తుకుని రాలేదు కాబట్టి, ఆ సమయాన్ని కలిపి సాయంత్రం త్వరగా పంపిస్తే ఆమెకు ఎక్కువ ఉపయోగం. అది ఇద్దరూ ఒప్పుకుని రాసుకోండి.

చివరిగా చీరల లెక్క. అవును అమ్మా, అందరి జీతాల్లో సమానంగా కోయడం తప్పే, ఈ నెల నుంచే ఆపేయండి. ఒక వస్తువును ఫలానా మనిషికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, ఆ మనిషి అజాగ్రత్త వల్లే నష్టం జరిగి ఉండాలి, కోసేముందు అతను చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఈ మూడూ ఉంటేనే నష్టం కోయడానికి వీలుంది. పీకో గదిలో మర్చిపోయిన చీరకు బిల్లింగ్ అమ్మాయి జీతం తగ్గించడం ఈ మూడింటిలో దేనికీ సరిపోదు. కౌంటర్లవారీగా స్టాక్ రిజిస్టరు పెట్టి, పొద్దున అప్పగించేటప్పుడూ రాత్రి తీసుకునేటప్పుడూ సంతకం పెట్టించండి. ఇన్నాళ్ళూ కోసినది తిరిగి ఇస్తే మంచిది. ఒకేసారి కాకపోతే మూడు నాలుగు నెలల్లో ఇవ్వండి.

ఈఎస్ఐ ఆఫీసువాళ్ళు పాత తేదీని ఒప్పుకోకపోతే, ఏ కారణం చెప్పారో రాతపూర్వకంగా అడిగి తీసుకుని, నాకు మళ్ళీ రాయండి. అప్పుడు ఏం చేయాలో చూద్దాం.